విధి నిర్వహణలో ఉన్న ఆర్టీసీ సిబ్బందిపై దాడి: చట్టం కల్పిస్తున్న రక్షణ

బొబ్బిలి: బొబ్బిలి బస్ స్టేషన్ నుంచి పార్వతీపురం, సాలూరు, రాజాం, విజయనగరం వైపు నడిచే బస్సులలో చిల్లర, టిక్కెట్టు, బస్సు ఆపే చోటు వంటి విషయాలపై తలెత్తే వాగ్వాదం ఒక్కోసారి సిబ్బందిపై చేయి చేసుకోవడానికి దారితీస్తుంది. అటువంటి సందర్భాలలో వర్తించే చట్ట నిబంధనలు ఈ విధంగా ఉన్నాయి.

హోదాయే ఆధారం

బస్సు సిబ్బందిపై దాడుల కోసమే ప్రత్యేకంగా కేంద్ర చట్టం లేదు. వారికి గల రక్షణ పబ్లిక్ సర్వెంట్ హోదా నుంచి సంక్రమిస్తున్నది. 1950 నాటి రోడ్డు రవాణా సంస్థల చట్టం 43వ సెక్షన్ ఈ హోదాను విధి నిర్వహణలోని కార్పొరేషన్ ఉద్యోగులకు కల్పించింది. 2019 నాటి విలీన చట్టం ద్వారా ఏపీఎస్ఆర్టీసీ ఉద్యోగులు 2020 జనవరి 1 నుంచి ప్రభుత్వోద్యోగులై ప్రజా రవాణా శాఖలో చేరారు. అద్దె బస్సుకు యజమాని నియమించుకున్న డ్రైవరుకు ఈ హోదా నేరుగా లభించదు.

శిక్షలు

2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత అమలులో ఉన్నది.

- విధులను అడ్డగించే ఉద్దేశంతో దాడి లేదా బలప్రయోగం: 132వ సెక్షన్, 2 సంవత్సరాల వరకు జైలు లేదా జరిమానా లేదా రెండూ.
- గాయపరచడం: 121(1) సెక్షన్, 5 సంవత్సరాల వరకు జైలు లేదా జరిమానా లేదా రెండూ. పూర్వపు భారత శిక్షా స్మృతిలో ఇది 3 సంవత్సరాలు.
- తీవ్రంగా గాయపరచడం: 121(2) సెక్షన్, 1 సంవత్సరానికి తగ్గకుండా 10 సంవత్సరాల వరకు జైలు, జరిమానా.

సాధారణ వ్యక్తిని గాయపరిస్తే 115(2) సెక్షన్ కింద గరిష్ఠ జైలు శిక్ష 1 సంవత్సరమే. 2024 జూలై 1కి ముందు జరిగిన దాడులకు పూర్వపు స్మృతిలోని 353, 332, 333 సెక్షన్లు వర్తిస్తాయి. బస్సు అద్దాలు పగులగొట్టడం వంటి చర్యలకు 1984 నాటి ప్రజా ఆస్తుల నష్ట నివారణ చట్టం వర్తిస్తుంది.

ఫిర్యాదు ఎక్కడ?

బొబ్బిలి విజయనగరం జిల్లాలోను, సీతానగరం, పార్వతీపురం 2022లో ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లాలోను ఉన్నాయి. దాడి జిల్లా సరిహద్దుకు ఏ వైపున జరిగినా ఏ పోలీసు స్టేషన్‌లోనైనా ఫిర్యాదు చేయవచ్చును. భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ ఇందుకు వీలు కల్పించింది. ఎఫ్.ఐ.ఆర్. ప్రతిని ఫిర్యాదుదారుకు ఉచితంగా ఇవ్వవలసి ఉన్నది. స్టేషన్‌లో నమోదుకు నిరాకరిస్తే జిల్లా పోలీసు సూపరింటెండెంట్‌కు లిఖితపూర్వకంగా తెలియజేయవచ్చును.

బాధితుడు ఆ సమయంలో విధులలో ఉన్నట్లు రుజువు కావడం ఈ కేసులకు కీలకం. అందువల్ల డ్యూటీ చార్టు, టిక్కెట్టు యంత్రంలోని వివరాలు, సాక్షుల పేర్లు, వైద్య ధ్రువపత్రం భద్రపరచడం అవసరం.

అరెస్టు, బెయిలు

132, 121 సెక్షన్ల కింది నేరాలు నాన్ బెయిలబుల్. అనగా బెయిలు మంజూరు న్యాయస్థానం విచక్షణకు లోబడి ఉంటుంది. అయితే 7 సంవత్సరాల వరకు శిక్ష గల నేరాలలో అరెస్టు అవసరం లేదని భావిస్తే పోలీసులు 35(3) సెక్షన్ కింద నోటీసు ఇస్తారు. నిందితుడు అరెస్టు కానంత మాత్రాన కేసు మూసివేసినట్లు కాదు.

సిబ్బందిని ప్రశ్నించడం గాని, వారి ప్రవర్తనపై డిపో మేనేజరుకు ఫిర్యాదు చేయడం గాని నేరం కాదు. అది ప్రయాణికుని హక్కు. విధులలో ఉన్నవారిపై చేయి చేసుకోవడమే శిక్షార్హం.