సన్నదు లేని ప్లీడరు

లాయరు నోటీసొస్తే ఇదివరకు మా ఇబ్రహీంపట్నం వాళ్ళు బెజవాడ బస్సెక్కేవారు. ఇప్పుడు సెల్‌ఫోన్ తీస్తున్నారు. కృత్రిమ మేధ నిమిషంలో జవాబు రాసిచ్చేస్తుంది, సెక్షన్లతో సహా! ఫీజడగదు, రేపు రమ్మనదు. మా వీధిలో ఒకావిడ, పుట్టింటి పొలంలో తన వాటా సంగతి మీద అన్నగారు పంపిన నోటీసుకు అలాగే జవాబు రాయించి నాకు చూపించింది. భాష మాత్రం దివ్యంగా ఉంది.

సన్నదు లేనివాళ్ళతో కోర్టులకు పేచీ పాతదే. కక్షిదారుల్ని పట్టి ప్లీడర్లకు అప్పజెప్పే దళారుల పేర్లు జాబితా కట్టి, కోర్టు ఆవరణలోకి రానివ్వకుండా చేసే అధికారం 1879 నాటి చట్టంలో ఉండేది. 1961 అడ్వొకేట్ల చట్టం ప్రకారం హక్కు లేకుండా ప్రాక్టీసు చేస్తే ఆరు నెలల దాకా జైలు. సన్నదు కావాలంటే లా డిగ్రీ ఉండాలి, ఇరవై ఒక్క ఏళ్ళు నిండాలి. చాట్‌జీపీటీ పుట్టిందే 2022లో!

అయితే ఆ గుమ్మం దళారుల్నే ఆపిందనుకునేరు, మనల్నీ ఆపింది. కార్నీలియా సొరాబ్జీ ఆక్స్‌ఫర్డులో న్యాయశాస్త్ర పరీక్ష రాసింది 1892లో. ఘోషా స్త్రీల ఆస్తి తగాదాల్లో ఎంత పాటుపడినా చాలా ఏళ్ళు ఆవిడకు ప్లీడరు హోదా దక్కలేదు. 1916లో కలకత్తాలో రెజీనా గుహ, 1921లో పాట్నాలో సుధాంశుబాల హజ్రా దరఖాస్తు పెడితే, ఆడవాళ్ళన్న ఒక్క కారణంతో హైకోర్టులు కాదు పొమ్మన్నాయి. 1923లో చట్టం మారాకే తలుపు పూర్తిగా తెరుచుకుంది.

మరి యంత్రాన్ని మాత్రం బయట నిలబెట్టడం న్యాయమా అంటారేమో. రెజీనా గుహ పొరబాటు చేస్తే ఆవిణ్ణి నిలదీయొచ్చు, సన్నదు లాక్కోవచ్చు. యంత్రాన్నేం చేస్తాం? 2025లో బెజవాడ సివిల్ కోర్టు ఉత్తర్వులోనే, యంత్రం కల్పించిన, ఎక్కడా లేని తీర్పులు దొర్లాయి. ఇది వట్టి పొరబాటు కాదు, దుష్ప్రవర్తన అవుతుందని 2026లో సుప్రీంకోర్టు అంది. మాట పడింది మనుషులే, యంత్రం కాదు. జడ్జీలకే ఆ గతి పడితే, వాటా పోగొట్టుకునే ఆడబడుచు ఎవరి మీద ఫిర్యాదు చేస్తుంది?

ఫీజుకు భయపడే కదా ఫోన్ పట్టుకుంది! 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం, ఆదాయంతో నిమిత్తం లేకుండా ఆడవాళ్ళకు లాయరును ఉచితంగా ఇస్తారు. ఆ సంగతి చెబితే ఆవిడ నమ్మలేదు. 15100కి ఫోన్ చేయించాను. నోటీసులో గడువింకా తొమ్మిది రోజులుంది.