పావులూరి మల్లన గణితంలో సంఖ్యాహారాలు

రాష్ట్రకూట అమోఘవర్షుని కాలంలో, 9వ శతాబ్దంలో, మహావీరాచార్యుడు రచించిన గణితసారసంగ్రహాన్ని 11వ శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగు పద్యాలలోకి తెచ్చాడు. తెలుగులో తొలి గణితగ్రంథంగా దీనినే పరిగణిస్తారు. జైనమూలపు ప్రస్తావనల చోట మల్లన శైవాన్ని నిలిపాడు.

మహావీరుని గుణకారాలలో కొన్ని హారాలవంటివి. 152207ను 73తో హెచ్చిస్తే 11111111. 12345679ను 9తో హెచ్చిస్తే తొమ్మిది ఒకట్లు. ఉదయగిరి, ఆత్మకూరు మెట్టప్రాంతపు ఉన్నత పాఠశాలల్లో సంవత్సరాంతపు తరగతికి ఇవి వినోదంగా తోచవచ్చు. అయితే ఆ గుణ్యంలో 8 ఎందుకు లేదు? 111111111ను 9తో భాగించి చూడాలి. శేషం 2 మొదలుకొని ఒక్కొక్కటిగా పెరుగుతుంది. అది 8కి చేరాక పక్కన 1 దిగి 81 అవుతుంది. 81లో 9 సరిగ్గా తొమ్మిదిసార్లు పోతుంది. అందువల్ల భాగఫలంలో 7 తరువాత నేరుగా 9 వస్తుంది.