కణంలోని కత్తెర



2009లో వచ్చిన 'పా' అనే హిందీ చిత్రం మీలో చాలామంది చూసే ఉంటారు. అమితాబ్ బచ్చన్ అందులో బడికి పోయే పిల్లవాడు. బట్టతల, ముడతలు పడిన చర్మం, పసివాడి ఒంటిమీద ముసలితనం. ఆ జబ్బును ప్రొజీరియా అంటారు. సుమారు 40 లక్షల కాన్పులకు ఒక బిడ్డకు వస్తుందని లెక్క. ఆ జబ్బుకు మూలం లామిన్ అనే మాంసకృత్తిలో ఉంది. ఆ లామిన్ మీద మన హైదరాబాదులోనే ఒక మహిళ ఏళ్ళ తరబడి పరిశోధన చేశారు. ఆమె వీణా పర్నాయిక్ గారు. వారి పని ఏమిటో చెప్పాలంటే ముందు మన కణాల్లో జరిగే ఒక కత్తిరింపు సంగతి చెప్పాలి. సైన్సు అనగానే రేడియో కట్టెయ్యకండి, కత్తెర పని మనకు తెలియంది కాదు కదా!

మన ఒంట్లోని కణాల్లో డి.ఎన్.ఎ. అనే పుస్తకం ఉంటుంది. కాలేయంలోనూ అదే పుస్తకం, కండలోనూ అదే. మరి కాలేయం కాలేయంలా, కండ కండలా ఎందుకుందంటారా? ఏ కణం ఏ పేజీ తెరవాలి, ఏది మూసి ఉంచాలి అన్నదాంట్లోనే తేడా అంతా. తెరిచిన పేజీకి కణం ఒక నకలు తీసుకుంటుంది. అదే ఆర్.ఎన్.ఎ. ఆ నకలు చూసుకుని మాంసకృత్తులు తయారు చేసుకుంటుంది.

1977 దాకా అసలులో ఎలా ఉందో నకలులోనూ అలాగే ఉంటుందనుకున్నారు. ఆ సంవత్సరం అమెరికాలో రెండు బృందాలు, జలుబు తెప్పించే ఒక వైరస్ మీద పని చేస్తూ, నకలును అసలుకు జోడించి ఎలెక్ట్రాన్ మైక్రోస్కోపు కింద చూశాయి. అసలులోని కొన్ని భాగాలకు నకలులో జోడీ లేదు. అవి ఉచ్చుల్లా బయటికి పొడుచుకొచ్చాయి. అంటే నకలు తీశాక కణం మధ్య మధ్య ముక్కలు కోసి పారేసి, మిగిలినవి అతుకుతోందన్నమాట. ఒకప్పుడు రేడియో కేంద్రాల్లో ఇదే పని బ్లేడుతో చేసేవారు. మాట్లాడేవారి దగ్గులూ, నీళ్ళు నమలడాలూ ఉన్నచోట టేపు కోసి, రెండు కొసలూ అతికించేవారు. ఇంగ్లీషులో ఆ పనికీ ఈ పనికీ ఒకటే మాట, స్ప్లైసింగ్.

ఈ సంగతి కనిపెట్టినందుకు 1993లో ఫిలిప్ షార్ప్, రిచర్డ్ రాబర్ట్స్ అనే ఇద్దరికి నోబెల్ బహుమతి వచ్చింది. ఆ మైక్రోస్కోపుల ముందు కూర్చున్నవారిలో లూయీజ్ చౌ, సూసన్ బెర్గెట్ అనే స్త్రీలున్నారు. వ్యాసాల మీద వాళ్ళ పేర్లున్నాయి, బహుమతిలో మాత్రం లేవు. దీని మీద అప్పుడూ వాదన నడిచింది, ఇప్పటికీ నడుస్తోంది. లూయీజ్ చౌ పేరు అక్కడ ఉండవలసిందనే నా అభిప్రాయం.

కోసేది ఎవరు, అతికేది ఎవరు? ఆ చిక్కుముడి విప్పడంలో జోన్ స్టైట్స్ అనే మరొక మహిళ చెయ్యి పెద్దది. లూపస్ అనే జబ్బున్నవారి రక్తంలో ఒంటిమీదికే తిరగబడే ప్రతిదేహాలుంటాయి. వాటితో కణంలోని కొన్ని చిన్న ఆర్.ఎన్.ఎ.లను పట్టుకుని, ఈ కత్తిరింపులో వాటికి పాలున్నదని 1980లో స్టైట్స్ బృందం సూచించింది. అది నిజమేనని తేలింది.

అతుకు ఎంత సరిగ్గా పడాలో గద్వాల చీర చూసినవారికి చెప్పనక్కరలేదు. నూలు ఒంటికి పట్టు కొంగును పోగు పోగుగా కలుపుతారు మన పాలమూరు నేతగాళ్ళు. కణంలో ఆ పోగు ఒక్క అక్షరమంత. అది తప్పితే ఏమౌతుందో తరవాత చెబుతాను.

ఇక హైదరాబాదుకు వద్దాం. నల్లగొండ వైపు, భువనగిరి నుంచి ఉప్పల్ మీదుగా సికింద్రాబాదు పోయే బస్సెక్కితే హబ్సిగూడ దగ్గర పెద్ద ఆవరణ కనిపిస్తుంది. అది సి.సి.ఎం.బి., కణ, అణు జీవశాస్త్ర కేంద్రం. పుష్ప మిత్ర భార్గవ గారి పట్టుదలతో అది మొదలైంది కూడా ఆ 1977లోనే. ఇప్పుడున్న భవనాలను 1987 నవంబరు 26న ప్రధాని రాజీవ్ గాంధీ జాతికి అంకితం చేశారు. బొంబాయిలో ఎం.ఎస్సీ., అమెరికాలో ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో పిహెచ్.డి. చేసిన వీణా పర్నాయిక్ గారు తిరిగి వచ్చి ఇక్కడే పనిలో కుదురుకున్నారు.

కణం నడుమ కేంద్రకం ఉంటుంది, మన పుస్తకం దాచిన గది అది. దాని గోడకు లోపలివైపు తడిక అల్లినట్టు లామిన్లు అల్లుకుని ఉంటాయి. గోడ కూలకుండా నిలబెట్టడమే వాటి పని అనుకునేవారు. 1999లో పర్నాయిక్ గారి బృందం అచ్చు వేసిన వ్యాసంలో ఒక వింత ఉంది. లామిన్లు గోడ దగ్గరే కాక గది మధ్యలో కూడా చుక్కలు చుక్కలుగా కనిపించాయి. ఆ చుక్కలున్న చోటే కత్తిరింపు సరంజామా కూడా ఉంది! గోడకు కట్టిన తడిక వంటింట్లో కత్తిపీట పక్కన కనిపిస్తే ఇదిక్కడెందుకుందని అడగమూ? వాళ్ళూ అదే అడిగారు.

2002లో కుమరన్, మురళీకృష్ణ, పర్నాయిక్ కలిసి దీన్ని పరీక్షకు పెట్టారు. మందు వేసి కణంలో నకళ్ళు తీయడం ఆపేస్తే లామిన్ చుక్కలూ, కత్తిరింపు చుక్కలూ కలిసికట్టుగా పెద్ద ముద్దలయ్యాయి. లామిన్ల అమరికను చెదరగొడితే కత్తిరింపు చుక్కలు కూడా చెదిరాయి, నకళ్ళ పనీ తగ్గింది. కాబట్టి లామిన్ గోడకు ఆసరాగా ఉండడమే కాకుండా లోపలి పనికి చోటు కూడా అమరుస్తోందని వారు రాశారు.

అందరూ ఒప్పుకున్నారా అంటే లేదు. 2004లో ప్రాగ్ నగరపు శాస్త్రజ్ఞులు లామిన్ ఎ, సి లేని కణాల్లో కూడా కత్తిరింపు చుక్కలు ఏర్పడుతున్నాయని చూపించారు. చుక్కలు పుట్టడానికి లామిన్ తప్పనిసరి కాదని వారి మాట. వంట గట్టు లేని ఇంట్లో కూడా వంట అవుతుంది, గట్టుంటే సామాను తీరుగా ఉంటుంది. నాకైతే ఆ రెండు వ్యాసాలూ అలా కనిపిస్తాయి గాని, ఇది ఇల్లాలి పోలిక, శాస్త్రజ్ఞుల తీర్పు కాదు సుమా. పర్నాయిక్ గారు లామిన్లను వదలలేదు. జబ్బులు తెచ్చే లామిన్ మార్పులున్న కణాల్లో డి.ఎన్.ఎ. చిరుగులకు అతుకు వేసే పని కూడా కుంటుపడుతోందని 2006లో వారి బృందం చూపించింది.

ఈలోగా 2003లో ప్రొజీరియా గుట్టు బయటపడింది. అమెరికాలోనూ ఫ్రాన్సులోనూ కనిపెట్టారు. లామిన్ ఎ పేజీలో ఒక్క అక్షరం మారింది. చిత్రమేమంటే, ఆ అక్షరం మారినా అర్థం మారదు. కాని కత్తెరకు అక్కడ కొయ్యమన్న గుర్తులా కనబడుతుంది. అక్కరలేని చోట కోత పడి, లామిన్‌లో 50 మెట్లు గల్లంతై, గోడ వంకరపోతుంది. ఈ వెతుకులాట వెనక ఒక తల్లి ఉంది. లెస్లీ గోర్డన్ అనే డాక్టరు, తన కొడుకు శామ్‌కు ఈ జబ్బని తెలిశాక, ఇంటివాళ్ళతో కలిసి 1999లో పరిశోధనకు ఒక సంస్థ పెట్టింది. శామ్ 2014 జనవరిలో 17 ఏళ్ళకు పోయాడు. లోనాఫార్నిబ్ అనే మందుకు అమెరికా ప్రభుత్వం 2020 నవంబరులో అనుమతి ఇచ్చింది. పూర్తిగా నయం చెయ్యదు, ఆయుష్షు కొంత పెంచుతుంది.

నలభై లక్షల్లో ఒకరి జబ్బు మనకెందుకు అనవచ్చు. ఇదే కత్తెర పొరపాటు మన పక్కింట్లో ఉంది, దాని పేరు తలసీమియా. రక్తానికి ఎరుపునిచ్చే హిమోగ్లోబిన్ పేజీల్లో ఒకదానికి మూడు ముక్కలు, మధ్యలో రెండు పారెయ్యవలసిన భాగాలు. ఆ మొదటి భాగంలో అయిదో అక్షరం మారితే కోత చాలావరకు తప్పుచోట పడుతుంది. మన దేశంలో బీటా తలసీమియాకు అన్నిటికంటే ఎక్కువగా కనబడే కారణం ఇదే. అలాంటి అక్షరం తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా వచ్చిన బిడ్డకు రెండు మూడు వారాలకొకసారి రక్తం ఎక్కించాలి. రక్తంతో పేరుకునే ఇనుమును తీసెయ్యడానికి రోజూ మందు కావాలి. 1998 నుంచి హైదరాబాదులో ఈ పిల్లలకోసం తలసీమియా, సికిల్ సెల్ సొసైటీ పనిచేస్తోంది. పాలమూరు నుంచో నల్లగొండ నుంచో పిల్లను ఒళ్ళో వేసుకుని నెలకు రెండుసార్లు బస్సెక్కే తల్లిని తలుచుకోండి. పైగా అత్తవారింట "నీ రక్తమే మంచిది కాదు" అనిపించుకోవడం ఒకటి! అక్షరం ఇద్దరి నుంచీ రావాలి, ఒక్కరి నుంచి వస్తే బిడ్డకు ఆ జబ్బు రానే రాదు.

మన దేశంలో నూటికి 3 నుంచి 4 మంది ఈ మార్పును ఒక పాలు మోస్తూ, సుఖంగా తిరుగుతున్నారు. కొందరికి రక్తం తక్కువని ఏళ్ళ తరబడి ఇనుము మాత్రలిస్తారు, అయినా రక్తం పెరగదు. అలాంటి వారు హెచ్.బి.ఎ2 అనే రక్తపరీక్ష చేయించమని డాక్టరును అడగాలి. ఆ అంకె 3.5 శాతం దాటితే భర్తకూ అదే పరీక్ష చేయించాలి. ఇద్దరికీ దాటితే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు ప్రమాదం. గర్భం వచ్చిన మూడో నెలలోనే బిడ్డకు ఉందో లేదో చూడగలరు కనుక, నెల తప్పిందని తెలిసిన వెంటనే చెప్పండి, ఏడో నెల సీమంతం దాకా ఆగకండి.