అమెరికా కమ్యూనిటీ కళాశాలల్లో పాత్రికేయ విద్య – విశ్వవిద్యాలయ ప్రవేశం: ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

పత్రికారచన తరగతి గదిలో నేర్వదగిన విద్యా, లేక పత్రికా కార్యాలయంలో పనిచేస్తూ పట్టుబడే వృత్తా అన్న చర్చ ఆధునిక పత్రికల చరిత్ర పొడవునా సాగింది. తెలుగు పత్రికల తొలితరం సంపాదకులు జర్నలిజం కళాశాలల్లో చదివినవారు కారు. కాశీనాథుని నాగేశ్వరరావు, ముట్నూరి కృష్ణారావు వంటివారికి జాతీయోద్యమమే పాఠశాల అయింది. అమెరికాలో ఈ చర్చకు మరొక ప్రశ్న తోడైంది. పాత్రికేయ విద్యను మొదటి రెండేళ్లు స్థానిక కమ్యూనిటీ కళాశాలలో చదివి, ఆ తరువాత విశ్వవిద్యాలయంలో మూడవ సంవత్సరంలో చేరిన విద్యార్థి చదువుకు విశ్వవిద్యాలయం ఎంత విలువ ఇస్తుందన్నదే ఆ ప్రశ్న. ఈ పద్ధతి పుట్టుకను, అది పాత్రికేయ విద్యకు ఉపకరించిన తీరును, దానికి ఎదురైన అవరోధాలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా పరిభాషను గురించి ఒక మాట చెప్పుకోవాలి. తెలుగునాట ‘జూనియర్ కళాశాల’ అంటే పదవ తరగతి తరువాతి రెండేళ్ల ఇంటర్మీడియట్ చదువు. అమెరికాలో అదే పేరు పన్నెండవ తరగతి పూర్తయిన తరువాతి రెండేళ్లకు చెందుతుంది. అంటే అది మన డిగ్రీ కళాశాలలోని మొదటి రెండు సంవత్సరాలతో పోల్చదగినది.

రెండు విద్యాధారలు

అమెరికాలో పాత్రికేయ విద్య, రెండేళ్ల కళాశాల దాదాపు ఒకే కాలంలో రూపుదిద్దుకొన్నాయి. చికాగో విశ్వవిద్యాలయ అధ్యక్షుడు విలియం రెయినీ హార్పర్ నాలుగేళ్ల డిగ్రీ చదువును రెండు భాగాలుగా విభజించి, మొదటి భాగాన్ని ‘జూనియర్ కళాశాల’ అన్నాడు. ఆయన ప్రోత్సాహంతో జె. స్టాన్లీ బ్రౌన్ 1901లో ఇలినాయ్ రాష్ట్రంలోని జోలియెట్ ఉన్నత పాఠశాలలో కళాశాల స్థాయి తరగతులు ఆరంభించాడు. ఆరుగురు విద్యార్థులతో మొదలైన ఆ ప్రయత్నమే నేటి జోలియెట్ జూనియర్ కళాశాల. 1907లో కాలిఫోర్నియా రాష్ట్రం ఉన్నత పాఠశాలలు ఇటువంటి తరగతులు నడుపుకొనేందుకు చట్టం చేసింది.

ఆ మరుసటి సంవత్సరం, 1908 సెప్టెంబరులో, మిస్సోరీ విశ్వవిద్యాలయంలో వాల్టర్ విలియమ్స్ నేతృత్వంలో జర్నలిజం పాఠశాల ప్రారంభమైంది. తరగతులు మొదలైన రోజే విద్యార్థులు పనిచేసే దినపత్రిక కూడా వెలువడింది. పని చేస్తూ నేర్చుకోవడమే ఈ పాఠశాల మార్గం. న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో పత్రికాధిపతి జోసెఫ్ పులిట్జర్ ఇచ్చిన విరాళంతో 1912లో మరొక పాఠశాల వెలసింది. పులిట్జర్ చరిత్ర, న్యాయశాస్త్రం, రాజనీతి, సాహిత్యం వంటి విస్తృత విద్యకు ప్రాధాన్యమిచ్చాడు. పని నేర్పే చదువు, లోకజ్ఞానం ఇచ్చే చదువు అన్న ఈ రెండు ధోరణుల మధ్య ఏర్పడిన ఒత్తిడి తరువాతి కాలంలో కమ్యూనిటీ కళాశాల విద్యార్థిపై నేరుగా ప్రభావం చూపింది.

విస్తరణ

రెండవ ప్రపంచయుద్ధానంతరం 1944 నాటి సైనికుల పునరావాస చట్టం లక్షలాది మాజీ సైనికులకు కళాశాల ద్వారాలు తెరిచింది. 1947లో అధ్యక్షుడు ట్రూమన్ నియమించిన ఉన్నత విద్యా సంఘం ఇంటికి దగ్గరగా, తక్కువ ఖర్చుతో లభించే రెండేళ్ల కళాశాలలను విస్తరించాలని సూచించింది. ‘కమ్యూనిటీ కళాశాల’ అన్న పేరు ప్రచారంలోకి రావడానికి ఆ నివేదిక ప్రధాన కారణం. మిస్సోరీ జర్నలిజం పాఠశాల తొలి అధ్యాపకులలో ఒకడైన చార్లెస్ రాస్ ఆ కాలంలో ట్రూమన్‌కు పత్రికా కార్యదర్శిగా ఉండడం ఆసక్తికరం.

1960 నాటి కాలిఫోర్నియా ప్రణాళిక ఉన్నత విద్యను మూడు అంచెలుగా స్థిరపరిచింది. ఉన్నత పాఠశాల ఉత్తీర్ణులలో పై ఎనిమిదో వంతు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి, పై మూడో వంతు రాష్ట్ర కళాశాలలకు అర్హులు. జూనియర్ కళాశాలలు మాత్రం చదువుకోగల వారందరికీ తెరిచి ఉంటాయి. మొదటి అంచె అందని విద్యార్థి రెండేళ్ల తరువాత పై అంచెలో చేరగలగడమే ఈ వ్యవస్థకు నైతిక ఆధారం. ఆ బదిలీ సాగకపోతే మూడు అంచెలు మూడు వర్గాలుగా మిగిలిపోతాయి.

విక్టోరియా నుండి మిస్సోరీకి

ఈ మార్గంలో నడిచినవారిలో సుప్రసిద్ధుడు జిమ్ లెరర్ (1934–2020). టెక్సస్ రాష్ట్రంలోని విక్టోరియా కళాశాల 1925లో జూనియర్ కళాశాలగా ఏర్పడింది. లెరర్ అక్కడ రెండేళ్లు చదువుతూ, ఆ పట్టణపు బస్ స్టేషన్‌లో టికెట్లు అమ్మి, బస్సుల రాకపోకలను ప్రకటించే ఉద్యోగం చేశాడు. అక్కడి నుండి మిస్సోరీ విశ్వవిద్యాలయంలో చేరి 1956లో జర్నలిజం పట్టా పొందాడు. సైనిక సేవ తరువాత డాలస్ నగరపు దినపత్రికల్లో విలేకరిగా పనిచేసి, 1963లో అధ్యక్షుడు కెనెడీ హత్యావార్తను అక్కడి నుండే రాశాడు. అనంతరం ప్రజా ప్రసార టెలివిజన్‌లో రాబర్ట్ మాక్‌నీల్‌తో కలిసి నడిపిన వార్తా కార్యక్రమం 1983 నుండి గంట నిడివికి పెరిగింది. అధ్యక్ష ఎన్నికల చర్చలను పన్నెండు పర్యాయాలు ఆయన నిర్వహించాడు.

ఈ ఉదాహరణలో గమనించదగిన అంశం విద్యాక్రమం. మిస్సోరీ జర్నలిజం పట్టాలో మొదటి రెండేళ్లు సాధారణ విద్య, చివరి రెండేళ్లు వృత్తి విద్య. హార్పర్ గీసిన విభజనరేఖ సరిగ్గా అక్కడే ఉంది. కాబట్టి విక్టోరియాలో భాష, చరిత్ర, రాజనీతి చదివిన విద్యార్థికి మిస్సోరీలో కోల్పోవలసినది స్వల్పం. అంతేగాక బస్ స్టేషన్‌లో రకరకాల మనుషులను గమనించిన అనుభవం ఆయన వెంట వెళ్లింది. బస్సుల పట్ల మమకారం ఆయన రచనల్లో చివరిదాకా కనిపిస్తుంది.

చల్లార్చే ద్వారం

ఒక ప్రముఖుని విజయాన్ని బట్టి వ్యవస్థను అంచనా వేయడం సమంజసం కాదు. లెరర్ పట్టా పొందిన నాలుగేళ్లకే, 1960లో, సమాజశాస్త్రజ్ఞుడు బర్టన్ క్లార్క్ శాన్ హోసే జూనియర్ కళాశాలను అధ్యయనం చేసి భిన్నమైన చిత్రాన్ని చూపాడు. బదిలీ ఆశతో చేరినవారిలో అనేకులను పరీక్షలు, సలహాదారుల హితబోధ మెల్లగా వృత్తి కోర్సుల వైపు మళ్లిస్తాయని, ఆశను చల్లార్చడమే ఆ కళాశాల చేసే మౌనకార్యమని ఆయన వాదం. 1989లో స్టీవెన్ బ్రింట్, జెరోమ్ కారబెల్ ఈ మళ్లింపును రెండేళ్ల కళాశాలల చరిత్ర మొత్తానికి అన్వయించి విస్తృతంగా చర్చించారు.

పాత్రికేయ విద్యార్థి విషయంలో ఈ చిక్కు మరింత సూక్ష్మమైనది. కమ్యూనిటీ కళాశాలలో జర్నలిజానికి ప్రాణం విద్యార్థి పత్రిక. విశ్వవిద్యాలయంలో పై తరగతులకు చేరాక గాని లభించని సంపాదకత్వం ఇక్కడ మొదటి ఏడాదిలోనే చేతికి రావచ్చు. కళాశాల పాలకమండలి సమావేశాలకు వెళ్లడం, బడ్జెట్ చదవడం, పుట సిద్ధం చేయడం, తప్పు వస్తే సవరణ ప్రకటించడం అన్నీ అక్కడే అలవడతాయి. అయితే విద్యార్థికి అత్యంత ప్రయోజనకరమైన ఈ పనినే విశ్వవిద్యాలయం లెక్కించడానికి వెనుకాడుతుంది. పాత్రికేయ విద్యకు గుర్తింపునిచ్చే అమెరికా మండలి ప్రమాణం ప్రకారం పట్టాలో కనీసం 72 క్రెడిట్లు జర్నలిజానికి వెలుపలి విషయాల్లో ఉండాలి. పులిట్జర్ ఆశించిన విస్తృత విద్యకు ఇది రక్షణ. కానీ సాధారణంగా 120 క్రెడిట్ల పట్టాలో మిగిలే 48లో తన సొంత కోర్సులకు చోటు కావాలని ప్రతి పాఠశాలా కోరుతుంది. ఫలితంగా మొదటి రెండేళ్లలో జర్నలిజం ఎక్కువగా చదివిన విద్యార్థి కంటే తక్కువగా చదివిన విద్యార్థికే బదిలీ సులభమయ్యే విచిత్ర స్థితి ఏర్పడుతుంది.

క్రెడిట్ల నష్టం ఈ ఒక్క రంగానికే పరిమితం కాదు. 2004–2009 మధ్య ఒక విద్యాసంస్థ నుండి మరొక దానికి మారిన విద్యార్థులు సగటున 43 శాతం క్రెడిట్లు కోల్పోయారని అమెరికా ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం 2017లో అంచనా వేసింది. ఇది అన్ని రకాల సంస్థల మధ్య జరిగిన బదిలీలకు చెందిన సగటు. పోయిన ప్రతి క్రెడిట్ వెనుక మళ్లీ కట్టిన రుసుము, వాయిదా పడిన ఉద్యోగం ఉంటాయి. ఖర్చు తగ్గుతుందనే ఈ దారి ఎంచుకొన్న పేద విద్యార్థికి ఈ భారం మరీ ఎక్కువ.

కాలిఫోర్నియా 2010లో చేసిన బదిలీ సంస్కరణ చట్టం ఈ సమస్యకు ఒక సమాధానం. కమ్యూనిటీ కళాశాలలో నిర్ణీత పద్ధతిలో 60 యూనిట్లు పూర్తిచేసినవారికి రాష్ట్ర విశ్వవిద్యాలయ వ్యవస్థలో మూడవ సంవత్సర ప్రవేశం లభిస్తుంది. సాధారణంగా మరో 60 యూనిట్లకు మించి చదవనక్కరలేదు. ఈ చట్టం కింద జర్నలిజానికి రూపొందించిన పాఠ్యప్రణాళికలో వార్తా రచనతోపాటు విద్యార్థి పత్రికలో పని కూడా కోర్సుగా స్థానం పొందింది. చేతిపనిని చదువుగా అంగీకరించిన సందర్భంగా దీనిని పేర్కొనవచ్చు.

తెలుగు నేలతో సంబంధం

అమెరికా పాత్రికేయ విద్యకు తెలుగు నేలతో ప్రత్యక్ష సంబంధం ఉంది. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో 1954లో జర్నలిజం శాఖ ఏర్పడినప్పుడు దానికి తొలి రూపమిచ్చినవాడు డి ఫారెస్ట్ ఓడెల్. అమెరికా జర్నలిజం విద్య చరిత్రపై 1935లోనే గ్రంథం ప్రచురించిన ఆచార్యుడాయన. అయితే వచ్చినది విశ్వవిద్యాలయ శాఖ నమూనా మాత్రమే. దానికి దిగువన ఉండే రెండేళ్ల కళాశాల, బదిలీ మార్గం వెంట రాలేదు. తెలుగు పత్రికలు తమ అవసరాలకు సొంత శిక్షణ పాఠశాలలు నెలకొల్పుకొన్నాయి. పాలిటెక్నిక్ డిప్లొమా పొందినవారు ఈసెట్ ద్వారా ఇంజనీరింగ్ రెండవ సంవత్సరంలో చేరగలుగుతున్నారు. పత్రికా పాఠశాలలో తర్ఫీదు పొందిన గ్రామీణ విలేకరికి అటువంటి స్థిరమైన దారి లేదు. 2021 నాటి యూజీసీ నిబంధనలతో ఏర్పడిన అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ ఈ లోటు తీర్చగలదా అన్నది, పనిలో నేర్చిన విద్యను విశ్వవిద్యాలయాలు ఎలా తూకం వేస్తాయన్న దానిపై ఆధారపడి ఉంటుంది.

ముగింపు

పై పరిశీలన వల్ల మూడు అంశాలు తేలుతున్నాయి. మొదటిది, కమ్యూనిటీ కళాశాల, జర్నలిజం పాఠశాల సమకాలీన సంస్థలైనా భిన్న లక్ష్యాలతో పుట్టాయి. రెండవది, సాధారణ విద్య దిగువన, వృత్తి విద్య ఎగువన ఉన్నంతకాలం బదిలీ సాఫీగా సాగింది. దిగువ కళాశాల వృత్తిని కూడా బోధించినప్పుడు ఘర్షణ తలెత్తింది. మూడవది, ఆ ఘర్షణను తగ్గించినది విద్యార్థుల వ్యక్తిగత ప్రతిభ కంటే సంస్థల మధ్య కుదిరిన స్పష్టమైన ఒప్పందం. ద్వారం తెరిచి ఉంచడంతో ప్రజాస్వామిక విద్య పూర్తికాదు. ఆ ద్వారంలో ప్రవేశించిన విద్యార్థి నేర్చినదానికి తరువాతి ద్వారం వద్ద కూడా లెక్క కుదరాలి.