తెలుగునాట ఫుట్‌బాల్ డిఫెండర్

ఫుట్‌బాల్‌లో గోల్‌కీపర్‌కు ముందు కాపు కాసి ఎదుటి జట్టు దాడిని అడ్డుకునే ఆటగాడు డిఫెండర్. గోల్ కొట్టినవాడి పేరు పత్రికల్లో పెద్దక్షరాల్లో పడుతుంది. గోల్ పడకుండా ఆపినవాడి పేరు చాలాసార్లు జట్టు జాబితా దాటి బయటికి రాదు. అయినా తెలుగునేల భారత ఫుట్‌బాల్‌కు ఇచ్చిన గొప్ప ఆటగాళ్ళలో డిఫెండర్లకు పెద్ద చోటే ఉంది. ఒలింపిక్స్‌లో ఆడినవారు, భారత జట్టుకు నాయకత్వం వహించినవారు వారిలో ఉన్నారు. ఈ చరిత్రను మైదానంలో ఎంత వెతకాలో జీతాల పట్టీలోనూ అంతే వెతకాలి. ఆటనే నమ్ముకున్న కుర్రాడికి ఏ కాలంలో ఎవరు అన్నం పెట్టారన్నదాన్ని బట్టే ఆ కాలంలో ఇక్కడి నుంచి ఎంతమంది పైకి వచ్చారన్నది తేలింది.

పోలీసు కొలువు

1950లలో ఆ అన్నం పెట్టింది హైదరాబాద్ సిటీ పోలీసు శాఖ. ఆట బాగా ఆడే కుర్రాడికి పోలీసు ఉద్యోగం వచ్చేది. ఉద్యోగం డ్యూటీ కన్నా ఎక్కువగా మైదానంలోనే గడిచేది. ఆ జట్టు 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదేళ్ళు బొంబాయి రోవర్స్ కప్ గెలిచింది. 1950లో డ్యూరాండ్ కప్ కూడా తెచ్చుకుంది. దీని వెనక ఉన్న మనిషి సయ్యద్ అబ్దుల్ రహీమ్. బడిపంతులుగా మొదలుపెట్టి, సిటీ పోలీసు జట్టుకూ భారత జట్టుకూ శిక్షకుడైన రహీమ్ 1963 జూన్‌లో చనిపోయేదాకా ఆ పనిలోనే ఉన్నారు. 2024లో వచ్చిన 'మైదాన్' హిందీ చిత్రం ఆయన కథే.

రహీమ్ పెట్టిన పోటీల్లో ఒకటి డిఫెండర్లకు బాగా పనికొచ్చింది. కుడికాలి వాటం ఉన్నవాడు ఆ పోటీలో ఎడమకాలితోనే బంతి తన్నాలి. ఎడమకాలివాడు కుడికాలితో తన్నాలి. డిఫెండర్‌కు బంతి తనకు నచ్చిన వైపుకు రాదు. మీదికి దూసుకొచ్చే ఫార్వర్డ్ ఎటు నెడితే అటు తిరిగి, అందిన కాలితోనే కొట్టాలి. కాలు మార్చుకోవడానికి పట్టే అరక్షణంలో గోల్ పడిపోతుంది.

రహీమ్ చేతిలో తయారైన బ్యాక్‌లలో, అంటే డిఫెండర్లలో, సయ్యద్ ఖ్వాజా అజీజుద్దీన్ ముందు చెప్పుకోవలసినవారు. 1952 హెల్సింకి, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్ రెండింటిలోనూ ఆయన ఆడారు. హెల్సింకిలో ఆయన పక్కన రెండో బ్యాక్‌గా కెప్టెన్ శైలేన్ మన్నా ఉన్నారు. మన ఆటగాళ్ళలో చాలామంది బూట్లు లేకుండానే దిగారు. యుగోస్లావియా పది గోల్స్ కొట్టింది, మనం ఒకటి కొట్టాం. వట్టికాళ్ళ ఆట ఎండిన మైదానాల్లో చెల్లింది. చల్లటి తడినేల మీద మలుపు తిరిగేటప్పుడు కాలు జారుతుంటే బూట్ల దాడిని ఆపడం ఏ బ్యాక్‌కైనా శిక్షే. ఆ తర్వాతే భారత ఫుట్‌బాల్‌లో బూట్లు తప్పనిసరి అయ్యాయి. నాలుగేళ్ళకు మెల్‌బోర్న్‌లో, హైదరాబాద్ ఆటగాళ్ళు చాలామంది ఉన్న జట్టు ఆస్ట్రేలియాను 4–2తో ఓడించి నాలుగో స్థానంలో నిలిచింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో భారత్ దాన్ని మళ్ళీ అందుకోలేదు. ఆ విజయాన్ని తలచుకునేటప్పుడు హ్యాట్రిక్ కొట్టిన నెవిల్ డిసౌజా పేరే అందరి నోటా వస్తుంది. అజీజ్ పేరు గుర్తున్నవాళ్ళు తక్కువ.

నయీముద్దీన్: హైదరాబాద్ నుంచి కలకత్తాకు

తెలుగునాట ఒక యువ డిఫెండర్ జీవితం ఎలా సాగగలదో నిండుగా చూపే ఉదాహరణ సయ్యద్ నయీముద్దీన్. 1944లో హైదరాబాద్‌లో పుట్టారు. రహీమ్ చనిపోయేనాటికి ఇంకా ఇరవయ్యేళ్ళు నిండలేదు. రహీమ్ పోయినా, ఆయన నేర్పిన ఆట మాత్రం ఊళ్ళోనే ఉంది. 1965–66లో ఆంధ్రప్రదేశ్ బెంగాల్‌ను ఓడించి సంతోష్ ట్రోఫీ గెలవడం దానికి రుజువు.

ఓడిన బెంగాల్ ఊరుకోలేదు. 1966లో కలకత్తా ఈస్ట్ బెంగాల్ క్లబ్బు హైదరాబాద్ నుంచి నయీముద్దీన్‌నూ, ఫార్వర్డ్ మహమ్మద్ హబీబ్‌నూ తీసుకెళ్ళింది. ఆ ఏడే ఆ క్లబ్బు కలకత్తా లీగ్, ఐఎఫ్ఏ షీల్డ్ రెండూ గెలిచింది. హైదరాబాద్ కుర్రాళ్ళు హౌరా రైలెక్కడం అప్పటి నుంచి ఒక దారిగా స్థిరపడింది. షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్ తర్వాత అదే దారిలో వెళ్ళారు. కాగితం మీద అప్పటి భారత ఫుట్‌బాల్ అంతా అమెచ్యూరే. అయినా కలకత్తాలో పెద్ద క్లబ్బుకు ఆడేవాడికి ఆటే బతుకు. మరో ఉద్యోగం చూసుకోకుండా ఆటమీదే జీవించిన హబీబ్‌ను భారతదేశపు తొలి నిజమైన వృత్తి ఆటగాడని పలువురు చెప్పేది అందుకే.

కలకత్తాలో డిఫెండర్‌గా నిలదొక్కుకోవడం ఫార్వర్డ్‌కన్నా కష్టం. ఫార్వర్డ్ పది తప్పులు చేసి ఒక్క గోల్ కొడితే అభిమానులు భుజాలకెత్తుకుంటారు. ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ మ్యాచ్‌లో బ్యాక్ ఒక్క తప్పు చేస్తే ఆ వారమంతా వీధిలో తలెత్తుకోలేడు. పరాయి భాష, పరాయి తిండి, ఇంటికి రెండు పగళ్ళ రైలు ప్రయాణం మధ్య నయీముద్దీన్ ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మడన్ స్పోర్టింగ్ మూడు క్లబ్బులకూ ఆడారు. బయటి నుంచి వచ్చిన డిఫెండర్‌ను మూడు పెద్ద క్లబ్బులూ కోరుకున్నాయంటే అతని ఆట మీద అంతకన్నా పెద్ద తీర్పు ఉండదు.

1970 బ్యాంకాక్ ఆసియా క్రీడలకు ఆయన భారత కెప్టెన్. సెమీఫైనల్లో బర్మా 2–0తో ఓడించింది. కాంస్యం కోసం ఎదురైంది జపాన్. రెండేళ్ళ ముందు మెక్సికో ఒలింపిక్స్‌లో పతకం తెచ్చుకున్న జట్టు అది. భారత్ 1–0తో గెలిచింది. ఒక్క గోల్ తేడాతో గెలిచే మ్యాచ్‌లో ఆ ఒక్క గోల్‌ను చివరిదాకా నిలబెట్టే పని వెనకవాళ్ళదే. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్‌కు దక్కిన చివరి పతకం ఇదే. ఆ ఏడాది అర్జున అవార్డు నయీముద్దీన్‌కు వచ్చింది.

ఆట మానేశాక ఆయన శిక్షకుడయ్యారు. క్రమశిక్షణ విషయంలో ఆటగాళ్ళకు సింహస్వప్నం. తిండి దగ్గర, సమయం దగ్గర రాజీ పడేవారు కాదు. 1990లో ఆయన చేతి కింద ఈస్ట్ బెంగాల్ ఒకే ఏడాది ఐఎఫ్ఏ షీల్డ్, డ్యూరాండ్, రోవర్స్ మూడూ గెలిచింది. ఆ ఏడే ద్రోణాచార్య పురస్కారం వచ్చింది. 1997లో, 2005లో దక్షిణాసియా టోర్నీ గెలిచిన భారత జట్లకు ఆయనే కోచ్. అర్జున, ద్రోణాచార్య రెండూ అందుకున్న తొలి ఫుట్‌బాలర్ ఆయన.

ఖాళీ కాలం

1970ల తర్వాత కథ చప్పబడింది. పోలీసు, రైల్వే, బ్యాంకు కొలువులు క్రీడాకారులకు తగ్గాయి. క్రికెట్ మైదానాలను, పత్రికలను, తండ్రుల ఆశలను కూడా పట్టుకుపోయింది. 1996లో జాతీయ లీగ్, 2007లో ఐ–లీగ్ వచ్చినా అక్కడ బలంగా నిలబడ్డ క్లబ్బు తెలుగునాట లేకపోయింది.

ఒప్పందాల కాలం: ఆకాశ్ మిశ్రా

2019లో దేశపు పైస్థాయి లీగ్ అయిన ఇండియన్ సూపర్ లీగ్‌లో హైదరాబాద్ ఎఫ్‌సీ పుట్టింది. తొలి సీజన్లో పట్టిక అడుగున, పద్దెనిమిది మ్యాచ్‌లకు పది పాయింట్లతో మిగిలింది. మరుసటి ఏడు స్పెయిన్ కోచ్ మనోలో మార్కెజ్ వచ్చి, డబ్బు పెట్టి పేరున్నవాళ్ళను కొనేబదులు కుర్రాళ్ళను ఆడించారు. వాళ్ళలో ఒకడు ఆకాశ్ మిశ్రా. 2001 నవంబర్లో ఉత్తరప్రదేశ్ బలరాంపూర్‌లో పుట్టాడు. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య నడిపిన ఇండియన్ ఆరోస్ జట్టులో ఆడి, 2020లో హైదరాబాద్ వచ్చాడు. అప్పటికి పద్దెనిమిదేళ్ళు.

అతని స్థానం లెఫ్ట్ బ్యాక్, అంటే వెనక వరసలో ఎడమ పక్క. ఈ కాలపు లెఫ్ట్ బ్యాక్‌కు పని రెండింతలు. ఎదుటి వింగర్ బంతితో వస్తుంటే బ్యాక్ నేరుగా మీద పడకూడదు. ఒళ్ళు కాస్త పక్కకు తిప్పి, గోల్ వైపు దారి మూసేసి, మైదానపు పక్కగీత వైపు మాత్రమే దారి వదలాలి. ఆ ఇరుకులో వింగర్ తడబడినప్పుడు కాలు వేయాలి. బంతి చిక్కిన మరుక్షణం అదే గీత పక్కన తన వింగర్‌ను దాటి పైకి పరుగెత్తి, గోల్ ముందుకు క్రాస్ కొట్టాలి. అది చెడితే మళ్ళీ వెనక్కి పరుగే. తొంభై నిమిషాలూ ఇదే. ఆకాశ్ బలం ఈ పరుగు తగ్గకపోవడమే. 2021 మార్చి 25న దుబాయిలో ఒమన్‌తో జరిగిన మ్యాచ్‌లో భారత్ పదిమంది కొత్తవాళ్ళకు అవకాశమిచ్చింది. హైదరాబాద్ నుంచి ఆకాశ్, సెంటర్ బ్యాక్ చింగ్లెన్‌సనా సింగ్ ఇద్దరూ ఆ రోజే తొలిసారి దేశానికి ఆడారు.

2021–22లో లీగ్ నిబంధన మారి మైదానంలో విదేశీయుల సంఖ్య నాలుగుకు తగ్గింది. వెనక వరసలో భారతీయ కుర్రాళ్ళకు చోటు పెరిగింది. 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్డాలో ఫైనల్. కేరళ బ్లాస్టర్స్ ముందు గోల్ కొట్టింది. 88వ నిమిషంలో సాహిల్ తవోరా సమం చేశాడు. పెనాల్టీల్లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు ఆపాడు. 3–1తో హైదరాబాద్ చాంపియన్ అయింది.

ఆ రోజు హైదరాబాద్ వెనక వరసలో నిలబడ్డవారు ఆశిష్ రాయ్ (సిక్కిం), చింగ్లెన్‌సనా (మణిపూర్), హువానాన్ (స్పెయిన్), ఆకాశ్ (ఉత్తరప్రదేశ్). అజీజ్, నయీముద్దీన్‌లను కన్న ఊరి పేరుతో దేశ చాంపియన్లయిన నలుగురిలో ఆ ఊరి కుర్రాడు ఒక్కడూ లేడు. తప్పు ఆటగాళ్ళది కాదు. పది పన్నెండేళ్ళ వయసులో పిల్లవాణ్ణి పట్టుకుని నేర్పే వ్యవస్థ సిక్కింలో, మణిపూర్‌లో ఉంది. ఇక్కడ చితికిపోయింది.

ఆ జట్టు ఎక్కువ కాలం నిలవలేదు. ఆశిష్ రాయ్ 2022లో కలకత్తాకు, ఆకాశ్ 2023లో ముంబై సిటీకి వెళ్ళిపోయారు. బకాయిల గొడవల్లో ఫిఫా క్లబ్బుపై బదిలీ నిషేధం విధించింది. 2023–24లో సీజన్ మొత్తమ్మీద ఒకే ఒక్క మ్యాచ్ గెలిచి పట్టిక అడుగుకు చేరింది.

ఉత్తరాంధ్ర

హైదరాబాద్ దాటి ఉత్తరాంధ్రకు వస్తే, శ్రీకాకుళం జిల్లా బలం చాలాకాలంగా వేరే ఆటల్లో ఉంది. మల్లయోధుడు కోడి రామమూర్తి నాయుడు ఒకప్పుడు ఈ జిల్లాలో ఉన్న వీరఘట్టంవాడు. బరువులెత్తి సిడ్నీ ఒలింపిక్స్ కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరి ఊరు వూసవానిపేట ఈ జిల్లాలోదే. ఊళ్ళో కండ ఉన్న కుర్రాడు కనిపిస్తే ఇక్కడ బరువులెత్తడమో కబడ్డీయో గుర్తొస్తుంది గానీ ఎవరికీ లెఫ్ట్ బ్యాక్ గుర్తురాడు. ఈ ప్రాంతంవారు తరాలుగా కొలువుకు వెళ్ళిన ఖరగ్‌పూర్ వైపు రైల్వేలో మాత్రం ఫుట్‌బాల్ బలంగా ఉండేది. 1960లలో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే (బీఎన్ఆర్) జట్టులో అరుణ్ ఘోష్ లాంటి దేశస్థాయి డిఫెండర్ ఉండేవారు. అదే జట్టు ఫార్వర్డ్ అప్పలరాజు 1964 ఆసియా కప్‌లో దక్షిణ కొరియాపై రెండో నిమిషంలోనే గోల్ కొట్టారు.

2020లో విశాఖపట్నం పేరుతో శ్రీనిధి దక్కన్ క్లబ్బుకు ఐ–లీగ్‌లో చోటు దక్కింది. తొలి ఏడాది ఆటంతా కరోనా బుడగ లోపల బెంగాల్‌లో జరిగింది. తర్వాత సొంత మైదానం హైదరాబాద్ పక్కన అజీజ్‌నగర్‌లో ఏర్పడింది. 2022–23, 2023–24 రెండేళ్ళూ ఆ జట్టు రెండో స్థానంలో నిలిచింది. విశాఖలో ఆ మ్యాచ్‌లు జరిగి ఉంటే శ్రీకాకుళం కుర్రాడు పొద్దున రైలెక్కి చూసి రాత్రికి ఇల్లు చేరేవాడు. ఇక హైదరాబాద్ ఎఫ్‌సీ 2025లో ఢిల్లీకి తరలి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా మారింది. దాంతో దేశపు పైస్థాయి లీగ్‌లో తెలుగు ఊరి పేరున్న జట్టు లేకుండా పోయింది.