పడవ దిగి తరగతికొచ్చిన పుస్తకం

కిటికీ ఊచకు కట్టిన తాడు, దానికి బట్టల క్లిప్పులతో వేలాడే పల్చటి కథల పుస్తకాలు, బల్ల మీద ఒక లాంగ్ నోట్‌బుక్. తరగతి గ్రంథాలయానికి ఇంతకంటే హంగు అక్కర్లేదు. కానీ దీని వెనుక నూరేళ్లు దాటిన చరిత్ర ఉంది, అందులో పెద్ద భాగం కృష్ణా డెల్టాలోనే నడిచింది.

బెజవాడలో రామమోహన గ్రంథాలయం 1911లో వెలిసింది. 1914 ఏప్రిల్ 10న అయ్యంకి వెంకట రమణయ్య చొరవతో, చిలకమర్తి లక్ష్మీనరసింహం అధ్యక్షతన తెలుగునాట గ్రంథాలయాలు నడిపేవాళ్లంతా ఇక్కడే సమావేశమయ్యారు. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం అలా పుట్టింది. అంతకు కొన్నేళ్ల ముందే బరోడా సంస్థానంలో శాయాజీరావు గైక్వాడ్ అమెరికా నుంచి బోర్డెన్ అనే గ్రంథాలయ నిపుణుణ్ణి రప్పించి, పెట్టెల్లో పుస్తకాలు సర్ది ఊళ్లకు పంపే ఏర్పాటు చేయించాడు. అయితే అక్కడ ఖర్చు సంస్థానానిది. ఇక్కడ భారమంతా జనం మోశారు.

నన్ను అన్నిటికంటే కదిలించేది పడవ గ్రంథాలయం. 1855లో కృష్ణ మీద ఆనకట్ట పూర్తయ్యాక డెల్టాకు కాలువలే రహదార్లయ్యాయి. తెనాలి ప్రాంతంలోని పెదపాలెం సేవాశ్రమం నుంచి పాతూరి నాగభూషణం 1935లో కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య తిరిగే పడవలోకి పుస్తకాలు ఎక్కించారు. పడవ ప్రయాణం నిదానం; కూర్చున్నవాళ్లకు చేతినిండా తీరికే. చదివేవాడు గ్రంథాలయానికి రావాలని ఎదురుచూడకుండా, వాడు ఎక్కడ కూర్చుంటాడో అక్కడికే పుస్తకాన్ని చేర్చారు. తరగతి గ్రంథాలయానికి ప్రాణం కూడా ఈ ఆలోచనే. పిల్లలు రోజూ కూర్చునేది తరగతిలోనే కదా!

1960 నాటి గ్రంథాలయాల చట్టంతో జిల్లా గ్రంథాలయ సంస్థలొచ్చాయి, ఆస్తిపన్నుతోపాటు సెస్సూ వచ్చింది. ప్రతి బడిలో వార్తాపత్రికలు, కథల పుస్తకాలతో గ్రంథాలయం ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం చెప్పింది. 2020 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ‘చదవడం మాకిష్టం’ మొదలుపెట్టింది. ఇన్ని జరిగినా చాలా బడుల్లో పుస్తకాలు హెడ్‌మాస్టరు గది బీరువాలోనే ఉంటున్నాయి. స్టాక్ రిజిస్టరులో ఉన్న పుస్తకం పోతే ఎవరు జవాబు చెప్పాలన్న భయమే ఆ బీరువాకు తాళం.

ఆ భయాన్ని తీర్చేది ఇందాకటి నోట్‌బుక్కే. స్కేలుతో గీతలు కొట్టి గళ్లు చేయాలి: పుస్తకం నంబరు, పేరు, తీసుకున్న తేదీ, తిరిగిచ్చిన తేదీ, సంతకం. అట్ట లోపల అదే నంబరు వేయాలి. రాసే పని పిల్లలకే అప్పగించాలి, వారానికొకరు మారాలి. శనివారం తీసుకెళ్లి సోమవారం తేవాలంటే చాలు, ఆదివారం ఇంట్లో అమ్మా నాయనమ్మా కూడా వింటారు. రెండో తరగతి పిల్లకు పేజీకి రెండు మూడు వాక్యాలు, పెద్ద బొమ్మ ఉన్న పుస్తకాలివ్వాలి. ఏడో తరగతికొచ్చేసరికి జానపద కథలు, సైన్సు పుస్తకాలు కావాలి. చదివాక పరీక్ష పెట్టకూడదు. పెడితే ఆ పుస్తకమూ పాఠమైపోతుంది.

కొన్ని చిరుగుతాయి, కొన్ని పోతాయి. చేతులు మారిన పుస్తకం నలగకుండా ఎలా ఉంటుంది? విద్యాశాఖ అధికారులు ఏటా కొన్ని పుస్తకాలు అలా పోతాయని ముందే ఒప్పుకుని, వాటిని లెక్కలోంచి కొట్టేసే అధికారం హెడ్‌మాస్టర్లకే ఇవ్వాలి. టీచర్లు ఆ ఉత్తర్వు కోసం ఆగనక్కర్లేదు. ఈ శనివారమే బీరువా తెరవండి, పిల్లకో పుస్తకం ఇచ్చి పంపండి.