లెక్కల వేడి: రామచంద్రాపురం నుంచి కంది దాకా

హైదరాబాద్‌కు పడమట రామచంద్రాపురం నుంచి పటాన్‌చెరు మీదుగా సంగారెడ్డి దాకా సాగిన పారిశ్రామిక వాడలో, యంత్రం విడిచే వేడిని ఎక్కడికి పంపాలన్న ప్రశ్న కంప్యూటర్ల కంటే ముందే తలెత్తింది. 1960వ దశకంలో చెకొస్లొవేకియా సహకారంతో రామచంద్రాపురంలో వెలసి, అనంతరం బీహెచ్‌ఈఎల్‌లో భాగమైన కర్మాగారం టర్బో జనరేటర్లకు పేరుపొందింది. పెద్ద జనరేటర్లను చల్లబరచడానికి వాటిలో గాలికి బదులు హైడ్రోజన్‌ను తిప్పుతారు, ఎందుకంటే దాని ఉష్ణవాహకత గాలి కంటే దాదాపు ఏడు రెట్లు. 1972లో పటాన్‌చెరు వద్ద నెలకొన్న అంతర్జాతీయ పంటల పరిశోధనా సంస్థ ఇక్రిశాట్‌లో ఇదే ప్రశ్న తలకిందులైంది. జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ వంటి పంటల విత్తన నమూనాలను లక్షకు పైగా భద్రపరిచిన అక్కడి జన్యునిధిలో దీర్ఘకాలిక నిల్వ సున్నాకు దిగువ 20 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉంటుంది కనుక, మే నెల ఎండను ఆ గదుల్లోకి రానీయకపోవడమే అక్కడి నిత్యకృత్యం.

గణనలోనూ తొలి దశ సంస్థలదే. 1967లో హైదరాబాద్‌లో ఏర్పడిన ప్రభుత్వ రంగ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ టీడీసీ శ్రేణి కంప్యూటర్లను తయారుచేసిన కాలంలో కంప్యూటరంటే చెప్పులు బయట విడిచి అడుగుపెట్టే ఏసీ గది. ఆ చల్లదనపు బిల్లు కార్యాలయానిదే.

1999 మే 17న బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం గ్రహాంతర జీవుల సంకేతాల వేట కోసం ప్రారంభించిన సెటీ ఎట్ హోమ్ ఈ ఏర్పాటును మార్చింది. ఒక పెద్ద లెక్కను చిన్న ముక్కలుగా కోసి, స్వచ్ఛందంగా ముందుకొచ్చిన వారి ఇళ్లలోని కంప్యూటర్లకు పంచే ఈ పద్ధతిని పంపిణీ గణన అంటారు. ప్రొటీన్ల ముడతలను పరిశీలించే ఫోల్డింగ్ ఎట్ హోమ్, అనేక ప్రాజెక్టులకు వేదికైన బోయింక్ ఆ తరువాత వచ్చాయి. అయితే కంప్యూటరు వాడుకున్న కరెంటంతా చివరకు వేడిగానే తేలుతుంది కాబట్టి, లెక్కతో పాటు వేడి కూడా పంపిణీ అయిందనే చెప్పాలి. చలిదేశపు ఇంట్లో ఆ వేడి హీటరుకు సాయం. సంగారెడ్డిలోని అద్దెగదిలో, ముఖ్యంగా ఏప్రిల్‌లో, అది ఫ్యానుకో కూలరుకో అదనపు పని. ఉదారంగా కనిపించే ఈ పథకాల్లోని ఈ అసమానతను వాటిని పొగిడేవారు అంతగా పట్టించుకోలేదు.

ల్యాప్‌టాప్ విషయంలో ఇది మరింత స్పష్టం. చిప్ సుమారు 100 డిగ్రీలకు చేరగానే తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. దీన్నే థ్రాట్లింగ్ అంటారు. గది 25 డిగ్రీలుంటే వేడి బయటపడటానికి 75 డిగ్రీల తేడా దొరుకుతుంది, 40 డిగ్రీలుంటే 60 మాత్రమే, అంటే అదే ఫ్యానుతో బయటికి పంపగల వేడిలో ఐదోవంతు తరుగు. లారీలు తిరిగే రోడ్ల దుమ్ము ఫ్యాను వెనుక రేకుల సందుల్లో పేరుకుంటే, పరుపు మీద పెట్టిన ల్యాప్‌టాప్ అడుగున గాలిరంధ్రాలు మూసుకుంటే ఆ కొంచెమూ దక్కదు. వెనక అంచు కింద రెండు సీసా మూతలు పెట్టి ఎత్తడం చవకైన ఉపాయమే గానీ పనికొచ్చేది. బోయింక్‌లో ప్రాసెసరు సమయాన్ని శాతాల్లో తగ్గించే వీలుంది, కాని అది పనిని ఆపుతూ నడుపుతూ సాగుతుంది గనుక ఉష్ణోగ్రత ఎగుడుదిగుడవుతుంది. వాడే కోర్ల సంఖ్యను తగ్గించడం, లేదా ప్రాసెసరు గరిష్ఠ వేగానికి హద్దు పెట్టడం మేలు. వేగంతో పాటు వోల్టేజీ కూడా తగ్గుతుంది, విద్యుత్ వినియోగం వోల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటుంది, అందువల్ల కాస్త వేగం వదులుకుంటే చాలా వేడి తగ్గుతుంది. నిరంతర వేడి బ్యాటరీ ఆయుష్షును కూడా హరిస్తుంది.

2020 మార్చి 31 తరువాత సెటీ ఎట్ హోమ్ కొత్త పని పంపడం ఆపేసింది. అదే వసంతంలో కోవిడ్ పరిశోధనకు తోడైన వారి వల్ల ఫోల్డింగ్ ఎట్ హోమ్ ఎక్సాఫ్లాప్, అంటే సెకనుకు లక్ష కోట్లకు పది లక్షల రెట్ల లెక్కల బలం, దాటగా, ఇక్కడ అది వేసవి. 2008లో యెద్దుమైలారంలో మొదలై 2015లో సంగారెడ్డి సమీపంలోని కంది గ్రామానికి తరలిన ఐఐటీ హైదరాబాద్‌లో జాతీయ సూపర్‌కంప్యూటింగ్ మిషన్ కింద నెలకొన్న 838 టెరాఫ్లాప్‌ల పరమ్ సేవ సూపర్‌కంప్యూటరుతో ఈ వాడలో భారీ గణన మళ్లీ ఒకే కప్పు కిందికి చేరింది. దానితో పాటే చల్లబరిచే ఖర్చూ సంస్థ ఖాతాలోకి వచ్చింది.